నేనే ఎంచుకున్న బోర్డు

నాన్న పెద్దకర్మ అయిన వారానికి కొవ్వూరు వెళ్ళి స్టూడియో ఖాళీ చేశాను. ఖాళీ చేయడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదనుకున్నాను. గోదావరి మీద రైలు వంతెన గీయించిన పాత తెర, చేతులు అరిగిపోయిన చెక్క కుర్చీ, చిరిగిన రెండు లైటు గొడుగులు, మరకలు పడ్డ నిలువుటద్దం, అంతే కదా అని ఒక చిన్న ఆటో మాత్రం మాట్లాడుకుని వెళ్ళాను. వెనక చీకటి గది తలుపు తీసేసరికి నా లెక్క తప్పింది. నేల నుంచి కప్పు దాకా రేకు బిస్కట్ డబ్బాలు. ప్రతి డబ్బాలోనూ కవర్లు, ప్రతి కవర్లోనూ నెగెటివ్‌లు, పైన నాన్న గుండ్రటి అక్షరాలు. ఇంటిపేరు, ఊరు, సందర్భం. బారసాల, ఓణీల ఫంక్షన్, షష్టిపూర్తి, చనిపోయినవాళ్ళని కూర్చోబెట్టి తీసిన ఆఖరి ఫోటో. ఫోటో వాళ్ళది, నెగెటివ్ మన పూచీ అనేవాడు నాన్న. ఫోటో చెదలు తినొచ్చు, ఇల్లు కాలిపోవచ్చు, మనిషే పోవచ్చు. అప్పుడు వాళ్ళు మళ్ళీ మన గుమ్మంలోకే రావాలి, మనం లేదనకూడదు. అలా వచ్చినవాళ్ళని నేను చిన్నప్పుడు చాలామందిని చూశాను. నాన్న ఒక్కరికీ లేదనలేదు. లేదని చెప్పించింది నేను.

అన్నిటికంటే కింద, గోడ వారగా ఉన్న డబ్బాలో నెగెటివ్‌లు లేవు. పాత పంచె గుడ్డలో చుట్టి రెండు హార్డ్ డిస్కులున్నాయి, రెండింటినీ కలిపి పురికొసతో కట్టి. పైన చీటీ: "నూకరాజు పెళ్ళి. పదహారు రోజుల పండగ కలపలేదు. ఇవ్వాలి." నేను ఆ నేల మీదే కూర్చుండిపోయాను. ఆటో అతను రెండుసార్లు వచ్చి "ఏంటండీ, ఎక్కించమంటారా?" అని అడిగి వెళ్ళాడు. ఆ డిస్కుల్ని నాన్న ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేశాడనుకున్నాను. ఇరవై ఏళ్ళ పైమాటే, ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఆ సంగతి మళ్ళీ లేస్తుందని భయం.

మా ఇల్లు స్టూడియోకి వెనకే ఉండేది. మధ్యలో ఒక తలుపు, దానికి నల్ల దుప్పటి. ఆ దుప్పటికి ఇటు పక్క ఇంగువ, చింతపండు, కట్టెల పొయ్యి మానేసినా గోడల్ని వదలని పొగ వాసన. అటు పక్క ఫోటోలు కడిగే మందుల పుల్లటి వాసన. నాన్న భోజనానికి కూర్చుంటే రెండూ కలిసేవి. ఎంత రుద్దినా ఆయన వేళ్ళకి ఆ మందు వాసన పోయేది కాదు, అమ్మ "ఆ చేత్తో పప్పు కలపకండి, నేనే కలిపి పెడతాను" అనేది. నాన్న నవ్వి అదే చేత్తో కలుపుకునేవాడు. రోజూ పొద్దున్న స్టూడియో తెరవగానే కెమెరాకి బొట్టు పెట్టి, నిన్నటి నెగెటివ్‌లు ఒక్కొక్కటీ వెలుగుకి పట్టుకుని చూసి, కవర్లో వేసి, పేరు రాసి, ఆ తర్వాతే కాఫీ తాగేవాడు. ఈ వరస తప్పించడం నేను చూడలేదు. జ్వరం వచ్చినా మంచం దగ్గరికే డబ్బా తెప్పించుకునేవాడు. నాకు అది ఒట్టి చాదస్తంలా కనపడేది.

వారానికి మూడు రోజులు పెరటి గుమ్మంలోంచి చేపల తట్టతో సూరమ్మ వచ్చేది. గోష్పాదం రేవుకి అవతల గుడిసెల్లో ఉండేవాళ్ళు. మొగుడు గోదాట్లో వల వేసేవాడు, ఆయన పోయాక కొడుకు నూకరాజు వేసేవాడు. తట్ట దించి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, అమ్మ పోసిన గంజి తాగి, అప్పుడు బేరం మొదలుపెట్టేది. బేరం అంటే ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడమే. "ఇది నిన్నటి చేప సూరమ్మా" అంటే "నా కొడుకు మీద ఒట్టండమ్మగారూ, ఇంకా నా మీద నీళ్ళు ఆరలేదు" అనేది. ఆ ఒట్టు వారానికి మూడుసార్లు పడేది. నూకరాజుది నా వయసే. నేను రాజమండ్రిలో డిప్లొమా చదివేటప్పుడు వంతెన మీద రైలు కిటికీలోంచి చూస్తే ఒక్కోసారి కింద అతని నావ కనపడేది. నేను చెయ్యి ఊపితే తెడ్డు ఎత్తేవాడు. స్నేహం అనేంత లేదు కానీ ముఖం తెలుసు, నవ్వు తెలుసు.

డిప్లొమా అయి ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న ఏడాది నాకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. అప్పటికి పెళ్ళి వీడియోలన్నీ రాజమండ్రి తీసుకెళ్ళి మిక్సింగ్ చేయించుకొచ్చేవాళ్ళం. తీసిన టేపుల్ని కత్తిరించి, పువ్వులూ హృదయాలూ తిప్పి, సినిమా పాటలు వేసి ఒక కేసెట్టుగా చేసివ్వడాన్ని మిక్సింగ్ అనేవాళ్ళు. సీజన్లో అక్కడ వరస దొరకడానికి రోజుల తరబడి కూర్చోవాలి. ఆ పని మన కొట్లోనే చేసుకుందాం, మంచి కంప్యూటర్ ఒకటి కూర్పిస్తే చాలు, పక్క ఊళ్ళవాళ్ళు కూడా మన దగ్గరికే వస్తారు అని నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. రంగు ఫోటోల ల్యాబులు వచ్చాక నాన్న చీకటి గదికి పని తగ్గింది. ఆయన కళ్ళూ తగ్గాయి. "నువ్వు చదువుకున్నవాడివి, నీకు తెలుస్తుంది" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాకు తెలుసని నేను కూడా నమ్మేశాను.

కంప్యూటర్ కూర్పించడమంటే పెట్టె కొనుక్కోవడం కాదు, మదర్‌బోర్డు ఎంచుకోవడం. మిగతావన్నీ దాని మాట విని నడిచేవే. రెండు నెలలు నాకు అదే ధ్యాస. కంప్యూటర్ పత్రికలు పాతవీ కొత్తవీ తెచ్చి, బోర్డుల పరీక్షలు రాసిన పేజీలు చింపి దిండు కింద పెట్టుకున్నాను. రాజమండ్రిలో వీర్రాజు గారని ఒకాయన చిన్న గదిలో కంప్యూటర్లు కూర్చి అమ్మేవాడు. మేడ మీద కొట్టు, మెట్లంతా అట్టపెట్టెలు. ఆయన మాట తక్కువ, చేతులకి ఎప్పుడూ పౌడరు రాసుకునేవాడు, చెమట బోర్డుకి తగలకూడదని. నేను వెళ్ళిన మొదటిరోజే ఒక బోర్డు తీసి బల్ల మీద పెట్టాడు. చూడ్డానికి ఏ ఆర్భాటమూ లేని పచ్చటి పలక. "ఇది తీసుకోండి బాబూ. డెల్టా గాలికి తట్టుకుంటది. మన కరెంటు సంగతి తెలుసుగదండీ, ఎక్కిద్దో దిగిద్దో దానికే తెలీదు. దీన్ని మూడేళ్ళ బట్టి పెడుతున్నాను, ఒక్కటి తిరిగి రాలేదు" అన్నాడు.

నా కళ్ళు ఆ పలక మీద లేవు. వెనక బీరువాలో నిలబెట్టిన ఎర్ర బోర్డు మీద ఉన్నాయి. పత్రికలో పూర్తి పేజీ బొమ్మ వేసింది దానిదే. రెండు హార్డ్ డిస్కుల్ని కలిపి ఒకే డిస్కులా నడిపే ఏర్పాటు అందులో ఉంది. ప్రతి దృశ్యాన్నీ ముక్కలు చేసి ఒక ముక్క ఇందులోనూ, తర్వాతి ముక్క అందులోనూ రాస్తుంది. ఇద్దరు కలిసి నాట్లు వేసినట్టు పని సగం సేపట్లో అయిపోతుంది. వీడియో పనికి వేగం కావాలని పత్రికవాడు రాశాడు. వీర్రాజు గారు తల అడ్డంగా ఊపాడు. "మీ పనికి ఒక్క డిస్కు చాలండీ. రెంటికీ ముడెడితే ఒకదానికి జొరమొస్తే రెండోదీ పడుకుంటది. పైగా ఏ ముక్క ఎక్కడెట్టిందో ఆ బోర్డుకే తెలుసు. రేప్పొద్దున్న బోర్డు పోయిందనుకోండి, అదే రకం మళ్ళీ దొరకాలి." నేను ఆయనకి పత్రిక పేజీలు తీసి చూపించాను. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఆ పనిలో తల పండినాయనకి కాగితాలు చూపించి పాఠం చెప్పడం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయన ఎర్ర బోర్డు పెట్టె తీసి దుమ్ము తుడిచి ఇచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ వేగం మాకు అక్కరలేదు. మా టేపుల్లోంచి వచ్చే దృశ్యానికి ఒక్క డిస్కు హాయిగా సరిపోయేది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత, ఇంకెవరికో కంప్యూటర్ కూరుస్తున్నప్పుడు తెలిసింది.

పంచాంగం చూసి, వర్జ్యం లేకుండా, గురువారం పొద్దున్న దాన్ని కొట్లో బిగించాం. నాన్న పసుపూ కుంకుమా పెట్టాడు, అది లోపలికి రాలుతుందేమోనని నేను అడ్డం నిలబడ్డాను. అమ్మ వచ్చి పెట్టె లోపలికి తొంగి చూసి, "అందులో తల్లి ఏదిరా?" అంది. చూపించాను. "ఇన్ని దానికే తగిలించారా? పాపం, దానికి కూర్చునే తీరిక ఎక్కడిది" అని నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు సరిచేసుకుని రెండు డిస్కుల వంక చాలాసేపు చూశాడు. "మరి నెగెటివ్ ఎక్కడుంటుంది?" అని అడిగాడు.

"అందులోనే నాన్నా, ఆ రెంటిలో."

"ఒకటి పోతే?"

"పోదు నాన్నా. అవి పోయే రకం కాదు."

"పోనిది అంటూ ఉంటుందేంట్రా?" అన్నాడు. నేను స్క్రూ బిగిస్తున్నట్టు నటించాను. ఆయన మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే కోప్పడేవాణ్ణి, అది ఆయనకీ తెలుసు.

మొదటి ఏడాది బాగానే నడిచింది. బాగా నడవడమే మమ్మల్ని ముంచింది. ముహూర్తాలన్నీ ఒకే వారంలో గుమిగూడతాయి. ఒక్క రోజున కొవ్వూరులో, దొమ్మేరులో, చాగల్లులో మూడు పెళ్ళిళ్ళుంటే మంచి టేపులకి కొరత వచ్చేది. "కంప్యూటర్లోకి ఎక్కించేశాం కదా, ఇంకా ఆ టేపుతో పనేంటి? దాని మీదే తీసెయ్" అన్నాను నాన్నతో. ఆయన ఆ టేపు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. జన్మలో ఒక్క నెగెటివ్ పారేయని మనిషి. బయట జీపు హారను కొడుతోంది, పెళ్ళివారు తొందరపెడుతున్నారు. టేపు కెమెరాలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అది అలవాటైపోయింది. తీయడం, ఎక్కించడం, దాని మీదే మళ్ళీ తీయడం.

నూకరాజు పెళ్ళి ఆ మరుసటి వేసవిలో. గోదాట్లో చేప తగ్గిపోయి అప్పటికే అతను కాకినాడ వెళ్ళి సముద్రం బోట్ల మీద కూలికి కుదిరాడు. వేట నిషేధం ఉన్న రోజుల్లోనే వాళ్ళకి పెళ్ళిళ్ళు కుదురుతాయి, మగవాళ్ళు ఒడ్డున ఉండేది అప్పుడే. పొద్దుటి ముహూర్తం. నాన్నా నేనూ వెళ్ళాం. రేవు ఒడ్డున పందిరి, జనరేటరు చప్పుడు, బాజాలు. తలంబ్రాలప్పుడు నూకరాజు పక్కకి వంగి తల్లితో ఏదో అన్నాడు, సూరమ్మ అతని భుజం మీద చిన్న దెబ్బ వేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కెమెరా నా చేతిలోనే ఉంది. దగ్గరగా తీశాను. మైకు కూడా దగ్గరే ఉంది. ఇంటికొచ్చి ఆ వారమే కంప్యూటర్లోకి ఎక్కించాను, టేపులు తర్వాతి పెళ్ళికి వెళ్ళిపోయాయి. కేసెట్టు సిద్ధం చేద్దామనుకునేసరికి సూరమ్మ తట్టతో వచ్చింది.

"చినబాబూ, అప్పుడే కట్టెయ్యకండి కేసెట్టు. పదార్రోజుల పండగ ఇంకా అవ్వలేదు. సూత్రాలు కలిపి గుచ్చింది కూడా ఉంటేనేగదండీ పెళ్ళి పూర్తయినట్టు" అంది.

"మరి పదహారో రోజు వస్తాను సూరమ్మా."

"ఆడుండడు కదండీ. నిషేదం తీసేత్తున్నారంట, బోటాయన కబురెట్టాడు. ఆసాడం ఎలాగూ కోడలు పుట్టింటికెళ్ళిపోద్ది. సావనంలో ఆడొచ్చాక ఇద్దర్నీ కూకోబెట్టి చేత్తాం. అదీ కలిపి ఒక్కసారే ఇద్దురు."

మా వైపు ఇది మామూలే. పెళ్ళి కేసెట్టులో చివర పదహారు రోజుల పండగ లేకపోతే తీసుకోరు, సగం వండిన అన్నం ఇచ్చినట్టు మొహం పెడతారు. సరేనన్నాను. దృశ్యాలు ఆ రెండు డిస్కుల్లో ముక్కలు ముక్కలుగా అలాగే ఉండిపోయాయి.

ఆషాఢం వచ్చిన నాలుగో రోజో అయిదో రోజో, మధ్యాహ్నం భోజనమయ్యాక కంప్యూటర్ పెడితే తెర నల్లగా ఉండిపోయింది. మూత తీశాను. కాలిన వాసన లేదు, చేపల తొట్టి నీళ్ళలాంటి నీచు వాసన. ఎర్ర బోర్డు మీద వరసగా నిలబెట్టినట్టు చిన్న రేకు పీపాలుంటాయి, కరెంటు ఎగుడుదిగుళ్ళని సర్దేవి. వాటి తలలు ఉబ్బి, పగిలి, గోధుమరంగు జిగురు కారుతోంది. బోర్డు పట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. వీర్రాజు గారు చూడగానే పక్క బల్ల కింద అట్టపెట్టె చూపించాడు. అందులో అలాంటివే నాలుగైదు బోర్డులున్నాయి, ఏవేవో రకాలు, అన్నీ తలలు ఉబ్బినవే. "ఈ ఏడు ఇదే రోగమండీ. మీ డిస్కులకేం కాలేదు. అయితే అదే బోర్డు కావాలి. నా దగ్గర లేదు. కాకినాడలో మా తోడల్లుడి కొట్లో ఒక్కటుందంట, వెంటనే ఎళ్ళి తెచ్చుకోండి" అన్నాడు. నేను చెప్పాను కదండీ అని అనలేదు. అని ఉంటే కొంచెం తేలికగా ఉండేదేమో.

ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను. "రేపే వెళ్ళు" అన్నాడు. నేను వెళ్ళలేదు. ఆషాఢం, ముహూర్తాల్లేవు, అడిగేవాళ్ళు లేరు. ఉన్న ఒక్క పనీ శ్రావణం దాకా ఆగమన్న పని. వాన పట్టుకుంది, బస్సుల్లో తడుస్తూ అంతదూరం ఎందుకు, శ్రావణం ముందు వెళ్దాంలే అనుకున్నాను. మా ఇంట్లో కాలం ముహూర్తాల్ని బట్టే నడిచేది. పెళ్ళిళ్ళు లేని నెల మాకు లేనట్టే లెక్క. ఆ నెలలో కూడా మనుషులు చచ్చిపోతారని మాకు తోచదు. నాన్న రోజూ పొద్దున్న "వెళ్ళావా?" అని అడిగేవాడు. పన్నెండు రోజులు అడిగాడు.

పదమూడో రోజు సూరమ్మ రావాల్సింది, రాలేదు. అమ్మ గుమ్మంలో గంజి గిన్నె పెట్టుకుని చూసింది. సాయంత్రం రేవు నుంచి కబురొచ్చింది, కాకినాడ బోటు ఒకటి గాలివానలో తిరిగి రాలేదని, అందులో నూకరాజు ఉన్నాడని. మిగతావాళ్ళలో ఇద్దరి శవాలు దొరికాయి. నూకరాజుది దొరకలేదు. నేను మర్నాడే కాకినాడ బస్సెక్కాను. బోర్డు రెండు రోజుల కిందట ఎవరో తీసుకుపోయారు. ఎవరో కొట్టువాడికి తెలియదు. ఆ రోజు కాకినాడలో ఎన్ని మెట్లు ఎక్కి దిగానో చెప్పలేను. తర్వాత విజయవాడ వెళ్ళాను, హైదరాబాద్ వెళ్ళాను. ఆ రకం తయారుచేయడం మానేశారన్నారు. డిస్కుల్ని వేరే బోర్డుకి తగిలిస్తే రెండూ ఖాళీ అని చూపించాయి, అంతా తుడిచి కొత్తగా సిద్ధం చేయమంటారా అని అడిగాయి. వద్దు అని నొక్కాను. ఆ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

కర్మలయ్యాక సూరమ్మ వచ్చింది, తట్ట లేకుండా, ముందు గుమ్మంలోంచి. ఆమె ముందు గుమ్మంలోంచి రావడం అదే మొదటిసారి. "బాబుగారూ, పండగ లేకపోయినా పర్లేదండీ. ఉన్నది ఇచ్చెయ్యండి" అంది. నాన్న నా వైపు చూశాడు. నేను ఫోటోల ఆల్బం తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని తెరవలేదు. "ఇవి నా కాడున్నాయి బాబూ. ఫోటోల్లో మాటాడడు కదండీ" అంది. నేను బోర్డు గురించి ఏదో చెప్పబోయాను. పాడైంది, అదే రకం దొరకాలి, దొరకట్లేదు అని. ఆమె అంతా విని, "అలాగైతే దొరికినప్పుడే ఇద్దురు" అంది. నిష్ఠూరం లేదు, కోపం లేదు. తిట్టినా బాగుండేది. చేప దగ్గర అంత తిట్టే మనిషి.

నాన్న ఆ మధ్యాహ్నమంతా టేపులు వెతికాడు. నూకరాజు పెళ్ళి తీసిన రెండు టేపుల మీదా ఇప్పుడు చాగల్లు రైసుమిల్లు వాళ్ళ పెళ్ళి ఉంది. రెండో టేపు చివరిదాకా తిప్పితే, రైసుమిల్లు పెళ్ళి అయిపోయి, నీలం తెర వచ్చి, తర్వాత కాస్త నూకరాజు పెళ్ళి మిగిలింది. పందిట్లో విస్తళ్ళు ఎత్తుతున్నారు, ఒక కుక్క తిరుగుతోంది, జనరేటరు మోత. తెల్ల చొక్కా వేసుకున్నవాడెవరో అటు తిరిగి నడిచి వెళ్ళిపోయాడు. సూరమ్మని పిలిచి చూపించాం. మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసింది. "ఈడు మావోడు కాదు" అని లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నాన్న కెమెరా తుడిచి పెట్టెలో పెట్టాడు. వీడియోల పని మానేసి పాస్‌పోర్టు ఫోటోలతోనే మిగతా జీవితం వెళ్ళదీశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఆ ఏడాది చివర హైదరాబాద్‌లో ఒక కాలేజీ లేబరేటరీలో పని దొరికి వెళ్ళిపోయాను. పారిపోయాను అంటే సరిగ్గా ఉంటుంది.

డబ్బాలో దొరికిన డిస్కుల్ని పోయిన నెల ఒక కుర్రాడికి చూపించాను, చెడిపోయిన డిస్కుల్లోంచి సరుకు తీయడమే వాళ్ళ పని. రెండు రోజులకి ఫోన్ చేశాడు. "ఒకటి పర్లేదు సార్. రెండోదాన్లో తుప్పు పట్టేసింది, చెమ్మ వల్ల. రెండూ ఉంటేనే అక్కరకొస్తుంది. ఒక్కదాంతో ప్రతి మాటలోనూ సగం అక్షరాలే వస్తాయి." నేను ఆ బోర్డు ఉంటే అని ఏదో గొణిగాను. "బోర్డుతో పనేముంది సార్? పదేళ్ళ కిందట తెచ్చి ఉంటే బోర్డు లేకుండానే తీసిచ్చేవాళ్ళం. అప్పటికి ఇది బాగానే ఉండుంటుంది" అన్నాడు. పదేళ్ళ కిందట నాన్న బతికే ఉన్నాడు. డబ్బా చీకటి గదిలోనే ఉంది. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి ఆ గదికి పది అడుగుల దూరంలో అన్నం తిని వచ్చేవాణ్ణి. నేను అడగలేదు, నన్ను గుచ్చినట్టవుతుందని ఆయన చెప్పలేదు. నా విద్యార్థుల ఫోన్లలో ఇప్పుడు ఒక్కొక్కడివీ వందల వీడియోలు, నవ్వుతూ తింటూ ఏదో ఒకటి మాట్లాడుతూ. వాళ్ళు వాటిని మళ్ళీ చూడరు. చూస్తే నాకు అసూయ కాదు, ఒళ్ళు మండుతుంది.

డిస్కులు తీసుకుని సూరమ్మ దగ్గరికి వెళ్ళాను. గుడిసె స్థానంలో పక్కా గది వచ్చింది, కూతురి దగ్గర ఉంటోంది. కోడలికి పుట్టింటివాళ్ళు ఎప్పుడో వేరే సంబంధం చేశారు. చూపు మందగించింది కానీ నా గొంతు విని "చినబాబుగారా?" అంది. నాన్న పోయినందుకు కాసేపు ఏడ్చింది. తర్వాత గుడ్డ విప్పి ఆమె చేతుల్లో పెట్టాను. ఒక్కొక్కటీ బరువు చూసింది, చేప బరువు చూసినట్టు.

"ఇందులో ఉన్నాడా?"

"ఉన్నాడు సూరమ్మా. కానీ రాడు. పాడైపోయింది."

ఆమె చాలాసేపు వాటిని నిమురుతూ కూర్చుంది. "మొగం పొటోలో ఉందండీ, రోజూ సూత్తాను. గొంతే. ముందు ఒక ఏడు గుర్తుంది. తర్వాత కలలో మాటాడేవోడు. ఇప్పుడు కలలోకొచ్చినా నోరే కదులుద్ది. మీరు వినిపించినా ఆడిదో కాదో నేను చెప్పలేనండీ" అంది. డిస్కుల్ని మళ్ళీ గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. "ఆ రోజున కేసెట్టు ఇచ్చుంటే ఇనుకునేదాన్ని కదా బాబూ" అంది, తప్పు పడుతున్నట్టు కాదు, ఊరికే.

తలాడించాను. బోర్డు బాగుండి, పదహారు రోజుల పండగ జరిగి, శ్రావణంలో నేను ఆమె చేతిలో పెట్టబోయే కేసెట్టు ఎలా ఉండేదో నాకు తెలుసు. అన్ని పెళ్ళిళ్ళకీ అదే చేశాను. మాటలు వినపడితే చూసేవాళ్ళకి విసుగని, జనరేటరు మోత రాకూడదని, మొదటి బాసికం నుంచి చివరి అప్పగింత దాకా అసలు శబ్దం మొత్తం తీసేసి సినిమా పాటలు వేసేవాణ్ణి. తలంబ్రాల దగ్గర నూకరాజు వంగి తల్లితో అన్న మాట మీద కూడా ఒక యుగళగీతం పడేది. ఆ పాట ముందే ఎంచి పెట్టుకున్నాను కూడా. మాట డిస్కుల్లోనే ఉంది, నేనివ్వబోయే కేసెట్టులో లేదు. ఆ సంగతి సూరమ్మకి చెప్పలేదు. బస్సు టైమైందని లేచాను.